ఎండుగడ్డి నుంచి ఎద దాకా

అనకాపల్లి జిల్లా ఉప్మాకలో గరుడాద్రి కొండ దిగువన, సంక్రాంతి దాటాక ఏ దొడ్డి చూసినా ఒకటే తీరు. కొత్తగా వేసిన వరిగడ్డి మేటు, దాని పక్కన గుంజకు కట్టిన ముర్రా పోలిక గేదె. అలాంటి ఒక దొడ్లో ఒక పెద్దావిడ గేదెకు వేయించిన కృత్రిమ గర్భధారణ సూది గురించి నన్నడిగింది: "మూడు తూర్లు సూదేయించినాం బాబూ. మంచి సూదే అన్నారు. నిలవలేదు. ఏటి సేత్తాం?"

పశు పోషణ, ఎదుగుదల, పునరుత్పత్తి అని శాస్త్రం మూడు గదులుగా విడదీసుకున్న విషయం ఆమెకు ఒకటే ప్రశ్న. గర్భాశయ నిపుణుణ్ని అడిగితే గేదె వెనక్కి వెళ్లి చూస్తాడు. మేత శాస్త్రజ్ఞుణ్ని అడిగితే గడ్డిమేటు వైపు చూస్తాడు. ఈ వందేళ్ల పరిశోధనను తిరగేస్తే డబ్బూ పేరూ ఎక్కువగా మొదటి చూపుకే దక్కాయి. ఆమెకు కావలసిన జవాబు మాత్రం చాలావరకు రెండో వైపే ఉందని నా నమ్మకం. ఎందుకో ఆ మేటు దగ్గర నుంచే మొదలుపెట్టి చెబుతాను.

గేదె మేసేది ముందు తన కోసం కాదు, తన పెద్దపొట్టలో కాపురముండే సూక్ష్మజీవుల కోసం. రూమెన్ అనే ఆ మొదటి అర పెద్ద గేదెలో వంద లీటర్లకు పైగా పట్టే పులియబెట్టే తొట్టి. గడ్డిలోని పీచును కరిగించే శక్తి పశువు జీర్ణరసాలకు లేదు, ఆ పని సూక్ష్మజీవులే చేస్తాయి. అవి వదిలే ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు గేదెకు శక్తినిస్తాయి. తర్వాత పేగుల్లోకి జారి అరిగిపోయే ఆ సూక్ష్మజీవుల ఒళ్లే గేదెకు దొరికే మాంసకృత్తుల్లో పెద్ద వాటా. ప్రాణవాయువు తగిలితే చచ్చిపోయే ఈ జీవులను బయట పెంచి చూసే పద్ధతిని అమెరికాలో రాబర్ట్ హంగేట్ రూపొందించాడు. రూమెన్ సూక్ష్మజీవుల మీద ఆయన పుస్తకం 1966లో వచ్చింది. సరిగ్గా ఆ ఏడే ఫిన్లాండ్ శాస్త్రజ్ఞుడు ఆర్తురి విర్తానెన్ ఒక విచిత్రమైన ప్రయోగ ఫలితాన్ని ప్రకటించాడు. ఆవులకు మేతలో మాంసకృత్తులు లేకుండా తీసేసి, నత్రజనిని యూరియా, అమ్మోనియం లవణాల రూపంలోనే ఇచ్చి పాలు పిండాడు. 1945లో నోబెల్ అందుకున్న ఆ పెద్దమనిషి చూపించిన సంగతి ఇది: పొట్టలోని జీవులకు నత్రజని, శక్తి సమపాళ్లలో అందితే అవి మాంసకృత్తులను తామే తయారుచేసుకుంటాయి.

ఇప్పుడు మేటు దగ్గరికి రండి. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నుంచి నాలుగు శాతం. పొట్టలోని జీవులు చురుగ్గా ఉండాలంటే మొత్తం మేతలో కనీసం ఏడు శాతం కావాలి. అంటే సగమే ఉంది. దానికి తోడు గడ్డి నిండా ఇసుకలాంటి సిలికా, పీచును పట్టి ఉంచే లిగ్నిన్, సున్నాన్ని కట్టిపడేసే ఆక్సలేట్లు. భాస్వరం మరీ తక్కువ. నత్రజని లేక జీవులు మందగిస్తే పీచు కరగదు, పీచు కరగకపోతే పొట్ట ఖాళీ కాదు, పొట్ట ఖాళీ కాకపోతే గేదె ఇంకో పరక ముట్టదు. నాలుగు వందల కిలోల గేదె రోజుకు పది కిలోల ఎండుమేత తినగలదని లెక్క. ఉత్త వరిగడ్డి వేస్తే అందులో ఆరేడు కిలోల దగ్గరే ఆగిపోతుంది. కడుపు నిండుగా కనిపిస్తుంది, ఒళ్లు మాత్రం ఆకలితో ఉంటుంది. "గడ్డి ముందే పడుంది కదా, తినక ఏం?" అని విసుక్కునే మనిషికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

గడ్డిని మెత్తబరిచే ప్రయత్నం కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మేత కరువైన జర్మనీలో బెక్‌మన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గడ్డిని కాస్టిక్ సోడాలో నానబెట్టే పద్ధతి కనిపెట్టాడు. 1970లలో నార్వేలో అమ్మోనియా వాయువు వాడారు. మన దేశాలకు వచ్చేసరికి అదే సూత్రం యూరియా రూపం తీసుకుంది. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను యాభై, అరవై లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు వదిలేయాలి. లోపల యూరియా అమ్మోనియాగా విడిపోయి పీచు ముడులను వదులు చేస్తుంది. మాంసకృత్తుల శాతం రెట్టింపు అవుతుంది. గేదె ఎక్కువ తింటుంది, తిన్నది ఎక్కువ అరుగుతుంది. శాస్త్రపరంగా ఇందులో వంక పెట్టడానికేమీ లేదు.

అయినా ఇది ఊళ్లలో నిలవలేదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఆలోచించదగినదిగా తోచేది ఈ ఓటమే. 1980లు, 90లలో భారత వ్యవసాయ పరిశోధన మండలి, నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం కలిసి పంట వ్యర్థాలను మేతగా మార్చడం మీద ఒక పెద్ద పథకం నడిపాయి. ఆ పథకంలో పనిచేసిన కిరణ్ సింగ్, హాన్స్ షీరె వంటివారు నిజాయితీగా ఒక మాట తేల్చారు. గడ్డి బాగా దొరికి, పచ్చిమేత కరువై, పాలకు మంచి ధర పలికే చోట మాత్రమే ఈ పని గిట్టుబాటవుతుంది. మిగతా చోట్ల ప్రదర్శన అయిపోయిన మర్నాడే రైతు మానేస్తాడు. నాలుగు కిలోల యూరియా ఖర్చు పెద్దది కాదు. కానీ నీళ్లు మోయాలి, గడ్డి తొక్కాలి, పట్టా కొనాలి, తీసేటప్పుడు అమ్మోనియా ఘాటు కళ్లకు కొట్టకుండా ఆరబెట్టాలి. రెండు గేదెలున్న ఇంట్లో ఈ చాకిరీ అంతా చేసేది ఆడవాళ్లే. పరిశోధన పత్రాల్లో అరుగుదల శాతానికి గడి ఉంటుంది గాని వాళ్లు మోసిన బిందెలకు గడి ఉండదు. రైతు మొండివాడు కాబట్టి వాడలేదని రాసిన నివేదికలు చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

అనకాపల్లి ప్రాంతానికి ఇంకో దారి ఉంది. ఇది బెల్లం సీమ. చెరకు పరిశోధన కోసం అనకాపల్లిలో 1913లోనే కేంద్రం పెట్టారు. చెరకు నరికేటప్పుడు కొట్టేసే పచ్చి కొస, నేల మీది మొక్క బరువులో ఇంచుమించు ఆరో వంతు, ఏడో వంతు ఉంటుంది. అందులో మాంసకృత్తులు అయిదారు శాతం. వరిగడ్డి కంటే మెరుగు, పైగా పచ్చిది, పైగా పచ్చిమేత దొరకని మాఘ, ఫాల్గుణాల్లో వచ్చేది. బెల్లం వండే ఊళ్లలో గానుగ కాలంలో పశువులు నిగనిగలాడటం పెద్దవాళ్లంతా చూసినదే. క్యూబాలో 1960ల చివర టి. ఆర్. ప్రెస్టన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పశువులను మొలాసిస్, యూరియా మీద పెంచి, ఉష్ణమండల దేశాలు ధాన్యం దాణా వెంట పరుగెత్తనక్కర్లేదని, చెరకు మీదే పశుపోషణ నిలబెట్టుకోవచ్చని వాదించాడు. తర్వాత ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు రాన్ లెంగ్‌తో కలిసి 1987లో ఆయన రాసిన పుస్తకం సారాంశం కూడా అదే: ఉన్న వనరుకు పశువును సరిపెట్టు. ఆ ఆలోచన నుంచే యూరియా, మొలాసిస్, ఖనిజాలు కలిపి గట్టిపరిచిన నాకుడు దిమ్మ వచ్చింది. మన దేశంలో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ దాన్ని 1980లలో ఊళ్లకు తెచ్చింది. గేదె రోజంతా కొద్దికొద్దిగా నాకితే పొట్టలోని జీవులకు నత్రజని విడవకుండా అందుతుంది. ఒక్కసారిగా ఎక్కువ యూరియా కడుపులో పడితే అది విషమే, పశువు గంటల్లో పోతుంది. నెమరు వేయని చిన్న దూడలకు అసలే పెట్టకూడదు. అందుకే దిమ్మను గట్టిగా చేస్తారు, కొరకడానికి వీల్లేకుండా.

అయితే చెరకు కొసకూ కష్టకాలమే. తాండవ, ఏటికొప్పాక చక్కెర మిల్లులు మూతపడ్డాక చెరకు తగ్గింది, సరుగుడు, జీడి పెరిగాయి. నక్కపల్లి మండలంలో పరిశ్రమలకు సేకరించిన భూముల్లో మేత బీళ్లూ కలిసిపోయాయి. మేత శాస్త్రం ఎంత చదివినా ముందు మేత మొలిచే నేల ఉండాలి కదా.

పంట గడ్డి నాణ్యత మీద తెలుగు నేలపై జరిగిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. పటాన్‌చెరులోని అంతర్జాతీయ సంస్థల్లో పనిచేసిన మైకేల్ బ్లూమెల్, పార్థసారథి రావు హైదరాబాద్ మార్కెట్లో అమ్ముడయ్యే జొన్న చొప్పను కొని పరీక్షించారు. అరుగుదల 47 శాతం ఉన్న చొప్పకూ 52 శాతం ఉన్న చొప్పకూ ధరలో పాతిక శాతం దాకా తేడా కనిపించింది. ప్రయోగశాల లేకుండానే చొప్ప వ్యాపారి, పట్నం పాడి రైతు ఆ అయిదు శాతాన్ని చేత్తో పట్టి, రంగు చూసి, నమిలి పసిగట్టారన్నమాట. దాంతో జొన్న వంగడాన్ని గింజతో పాటు చొప్ప నాణ్యతతో కూడా ఎంచాలన్న వాదానికి బలం వచ్చింది. అనంతపురంలో ఐసీజీవీ 91114 వేరుశనగ రకం నిలదొక్కుకోవడంలో దాని కట్టె పశువులకు బాగా పట్టడం కూడా ఒక కారణం. వరి విషయంలో మాత్రం ఆ పట్టింపు తక్కువ. ఉప్మాక రైతు వేసే రకాన్ని ఎకరాకు ఎన్ని బస్తాలన్న లెక్కతోనే ఎంచి ఇస్తారు. గేదె నోట్లోకి పోయే సగం పంటకు మార్కులు లేవు.

ఇక ఎద సంగతి. మేతకూ చూలుకూ ఉన్న ముడిని మొదట స్పష్టంగా చూపినవాళ్లలో ఆర్నల్డ్ థైలర్ ఒకడు. 1920లలో దక్షిణాఫ్రికాలో బీడులో ఆవులు ఎముకలు నమలడం చూసి, నేలలో భాస్వరం లోపించిందని గ్రహించి, ఎముకల పొడి పెట్టించాడు. ఆవులు ఒళ్లు చేశాయి, ఈతలు పెరిగాయి. ఆ తర్వాత మెదడు వైపు నుంచి వివరం వచ్చింది. గిల్లెమిన్, షాలీ వేరువేరుగా పనిచేసి 1971 నాటికి వెలికితీసిన చిన్న హార్మోను, జీఎన్ఆర్‌హెచ్, పునరుత్పత్తి యంత్రానికి మీట లాంటిది. 1977లో నోబెల్ బహుమతిలో వారికి సగం దక్కింది. ఆ మీట నొక్కాలా వద్దా అన్నది ఒంట్లో శక్తి నిల్వను చూసుకునే మెదడు నిర్ణయిస్తుంది. ఈనిన తర్వాత పాలకు పోయే శక్తి తినే మేత కంటే ఎక్కువైతే గేదె తన కొవ్వు కరిగించుకుంటుంది. రక్తంలో ఇన్సులిన్, ఐజీఎఫ్-1 పడిపోతాయి. అండాశయంలో బుడగ పెరిగినా పగలదు. పశువు దృష్టిలో ఇది తెలివైన పని: ఉన్న దూడకే తిండి చాలనప్పుడు ఇంకొకటెందుకు? రైతు దృష్టిలో అదే నష్టం. గేదె చూడి కాలం దాదాపు 310 రోజులు. ఈనిన మూడు నెలల్లో కడితే పదమూడు నెలలకో దూడ వస్తుంది. మన ఊళ్లలో పదిహేను, పద్ధెనిమిది నెలలు మామూలు. ఆ అదనపు నెలల్లో గేదె ఒట్టిపోయి గడ్డి తింటూ నిలబడుతుంది.

సూక్ష్మ ఖనిజాలదీ ఇదే కథ. రాగి, జింకు, భాస్వరం కొరవడిన పడ్డలు ఆలస్యంగా ఎదకు వస్తాయి, ఎదకు వచ్చినవి తిరిగి పొర్లుతాయి. వరి చిట్టులో భాస్వరం బాగానే ఉంటుంది, సున్నం ఉండదు. గడ్డిలోని కొద్ది సున్నాన్నీ ఆక్సలేట్లు పట్టుకుంటాయి. రోజుకు యాభై గ్రాముల ఖనిజ మిశ్రమం ఈ లోటు తీరుస్తుంది. చూలు మీద ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం చూపే మందు మరొకటి నాకు తెలియదు.

గేదెకు మరో చిక్కు ఉంది, అది ఆవుకు అంతగా లేదు. నల్లటి ఒళ్లు, తక్కువ చెమట గ్రంథులు. ఎండాకాలంలో దాని రక్తంలో ప్రొలాక్టిన్ పెరిగి ఎద గుర్తులు మసకబారతాయి. అండం విడుదలైనా అరుపు ఉండదు, తీగ సన్నగా వేస్తుంది, ఆవుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కడం అరుదు. దీన్నే మూగ ఎద అంటారు. పైగా ఎద లక్షణాలు ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున కనిపిస్తాయి, మనిషి నిద్రలో ఉన్నప్పుడు. పగటి పొద్దు తగ్గే కాలంలో గేదెలు బాగా కడతాయని ఇటలీ, ఉత్తర భారత పరిశోధనలు చెబుతాయి. మన దేశంలో ఈతలు ఎక్కువగా జూలై నుంచి డిసెంబరు మధ్య పడతాయి, అంటే అంతకు పది నెలల ముందు, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య కట్టినవన్నమాట. కానీ ఉత్తర అక్షాంశం పదిహేడు డిగ్రీల దగ్గరున్న ఉప్మాకలో పగటి పొద్దు హెచ్చుతగ్గులు ఉత్తరాది కర్నాల్‌లో అంత ఉండవు. ఇక్కడ అదే కాలంలో వానలు పడి పచ్చిక లేస్తుంది, ఉక్క తగ్గుతుంది. కాబట్టి ఇక్కడి గేదె పొద్దును బట్టి కంటే మేతను బట్టి, వేడిని బట్టి కడుతోందని అనుకోవడానికి చాలా ఆస్కారముంది. ఇక్కడి గేదెల మీదే ఇక్కడే తేల్చవలసిన ప్రశ్న ఇది. మధ్యాహ్నం చెరువులో పొర్లనిస్తే, లేదా ఒంటిమీద నీళ్లు చల్లితే ఎద మెరుగవుతుందని ప్రయోగాలు చూపాయి. పూర్వం ప్రతి ఊరి గేదెకూ ఉచితంగా ఉన్న వైద్యం అది. చెరువు పూడి, గేదె పగలంతా రేకుల పాక కింద కట్టుబడ్డాక పోయింది.

కృత్రిమ గర్భధారణ చరిత్ర అందరికీ తెలిసిన విజయమే కాబట్టి త్వరగా చెబుతాను. మన దేశంలో 1939లో మైసూరు రాజుగారి పాడి క్షేత్రంలో సంపత్ కుమారన్ మొదలుపెట్టారు. అలహాబాద్ వ్యవసాయ సంస్థలో 1943లో ఆ పద్ధతిలో తొలి గేదె దూడ పుట్టింది. 1949లో ఇంగ్లండ్‌లో పోల్జ్ బృందం గ్లిజరాల్ వాడితే గడ్డకట్టించిన వీర్యం చావదని కనుక్కుంది. దాంతో మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని డబ్బా ఊరూరా తిరగడం సాధ్యమైంది. ఊళ్లలో ఈ సూదులు వేసే గోపాలమిత్రలు దాన్ని సైకిళ్ల మీద, బళ్ల మీద రైతు గుమ్మానికి తెచ్చారు. మేలుజాతి విత్తనం ఉప్మాక దాకా చేరిందంటే అది చిన్న ఘనత కాదు.

అయినా ఊళ్లో పది సూదులు వేస్తే కట్టేవి మూడు, నాలుగు. విత్తనం మంచిదే. ఉదయం ఎద చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు ఉదయం వేయించాలన్న సూత్రం 1940ల నుంచీ ఉన్నదే, కానీ మూగ ఎదను చూసేదెవరు? దీనికి జవాబుగా 1995లో అమెరికాలో పర్స్లీ, విల్ట్‌బ్యాంక్ బృందం ఎద కనిపెట్టనవసరం లేకుండా వరుస ఇంజెక్షన్లతో గడియ చూసి సూది వేసే పద్ధతి ఇచ్చింది. మన గేదెల్లోనూ పనిచేస్తుంది. అయితే ఎముకలు తేలిన గేదెలో, అండాశయం నిద్రపోతున్న గేదెలో ఫలితం పడిపోతుంది. మళ్లీ మేటు దగ్గరికే వచ్చాం.

కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 1990లో ప్రపంచపు తొలి పరీక్షనాళిక గేదె దూడను, 2009లో క్లోన్ గేదె దూడను పుట్టించింది. గొప్ప పనులే. మన ఒంగోలు జాతి బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్ల మందగా మారడం కూడా అంతే గొప్ప కథ. 1960లలో అక్కడికి వెళ్లిన మన ఆబోతుల్లో కరవది ఊరి పేరు మోసిన ఒకటి నేటికీ వంశవృక్షాల్లో కనిపిస్తుంది. అక్కడ అవి ఎదిగింది జన్యువుల వల్లనే కాదు. విశాలమైన పచ్చిక బీళ్లు, ప్రతి దూడనూ తూచి రాసే అలవాటు వాటికి తోడయ్యాయి. మనం పశువును ఇచ్చాం. తూచే అలవాటు మాత్రం మనకు రాలేదు.

ఆ పెద్దావిడ దొడ్లోనే ఒక పడ్డ కూడా ఉంది, పక్కటెముకలు లెక్కపెట్టేలా. 2019 గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 62 లక్షల గేదెలున్నాయి. వాటి రేపటి సంగతి ఇలాంటి పడ్డల మీదే ఆధారపడి ఉంది. పడ్డ ఎదకు వచ్చేది వయసు చూసి కాదు, బరువు చూసి. పెద్దయ్యాక ఉండే బరువులో అరవై శాతం దగ్గర మొదటి ఎద వస్తుంది. ముర్రా పోలిక పడ్డకు అది 270 కిలోలు అనుకుందాం. ముప్పై కిలోలతో పుట్టిన దూడ రోజుకు అర కిలో పెరిగితే 480 రోజుల్లో, అంటే పదహారు నెలల్లో అక్కడికి చేరుతుంది. పావు కిలో పెరిగితే 960 రోజులు. ముప్పై రెండు నెలలు. ఆ పదహారు నెలల తేడా ఎక్కడ మొదలవుతుందంటే పుట్టిన మొదటి రెండు గంటల్లో. జున్నుపాలలోని రక్షక పదార్థాలు పేగు గోడ దాటేది మొదటి రోజే, అదీ గంట గంటకూ తగ్గిపోతూ. మాయ పడేదాకా దూడకు పాలు తాగనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లి పాల ద్వారానే చేరే ఏలికపాములకు మొదటి నెలలోనే మందు పట్టాలి. పాలన్నీ కేంద్రానికి పోసి దూడకు పొదుగు ఖాళీ అయ్యాక వదిలే చోట మూడో నెలకే దాని ఎదుగుదల ఆగిపోతుంది. ప్రభుత్వం సునందిని పేరుతో పడ్డ దూడలకు సబ్సిడీ దాణా ఇచ్చినప్పుడు ఈ విషయంలో సరైన దారే పట్టింది.

ఆ రోజు నేను ఆమెను టేపు అడిగాను, దర్జీ వాడేది. ముందు కాళ్ల వెనక రొమ్ము చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే హెచ్చవేసి, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవుతో మళ్లీ హెచ్చవేసి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు ఉజ్జాయింపుగా వస్తుంది. చుట్టు 60, పొడవు 50 అయితే సుమారు 273 కిలోలు, సూదికి సిద్ధం. ఆమె పడ్డకు చుట్టు 52, పొడవు 44 వచ్చాయి. పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసి 180 అని రాశాను. ఆమె అంకె వైపు చూసి, పడ్డ వైపు చూసి, "అయితే దీనికిప్పుడు సూదెందుకు బాబూ, సిట్టు పెట్టాల" అంది.